ఇంట్లోనే చదివిస్తున్నాం: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

మా ముగ్గురు పిల్లలూ బడికి వెళ్ళరు. పెద్దమ్మాయికి పదమూడు, రెండో అమ్మాయికి ఎనిమిది, చిన్నవాడికి మూడేళ్ళు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, మావారిది ఉద్యోగం, మాతోపాటు మా అత్తయ్య. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి పెళ్ళిళ్ళలో, లిఫ్టులో, ఫోన్లలో అవే ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి, అడిగేవాళ్ళలో చాలామంది నిజంగా మొదలుపెట్టాలని ఆలోచిస్తున్నవాళ్ళే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. నేను గట్టిగా నమ్మేది ఒకటి ఉంది: ఇంట్లో చదువు నిలబడాలంటే సిలబస్ కంటే ముందు ఇల్లు నడిచే తీరు కుదరాలి. కాబట్టి ఇందులో పుస్తకాల కంటే వంటిల్లు, పనులు, నిద్ర, చుట్టాల గురించే ఎక్కువ కనిపిస్తుంది.

## మొదలుపెట్టే ముందు

అసలు మన దేశంలో దీనికి చట్టం ఒప్పుకుంటుందా? ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే ఏం చెప్పాలి?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి ఉచిత, నిర్బంధ విద్య అందించాలని చెబుతుంది. పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్‌లో ఉంది, కానీ చేర్పించకపోతే జరిమానా గానీ శిక్ష గానీ పెట్టలేదు. ఇంట్లో చదివించడం గురించి చట్టంలో ఎక్కడా మాటే లేదు. అనుమతిస్తున్నామని లేదు, కూడదని కూడా లేదు. అందుకే ఎక్కడా రిజిస్టర్ చేయించుకునే పని లేదు, ఎవరూ మీకు పర్మిషన్ లెటర్ ఇవ్వరు. తెలంగాణలో జూన్‌లో బడిబాట జరిగేటప్పుడు ప్రభుత్వ టీచర్లు ఇంటింటికీ వస్తారు, వాళ్ళు బడి బయట ఉన్న పిల్లల వివరాలు రాసుకుంటారు. వాళ్ళని చూసి కంగారు పడి తలుపు వేసుకోకండి. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఇంట్లో చదివిస్తున్నామని, టెన్త్ ఓపెన్ స్కూల్లో (రోజూ బడికి వెళ్ళకుండా పరీక్షలు రాసే ప్రభుత్వ ఏర్పాటు) రాయిస్తామని చెప్పి పిల్లల నోటుబుక్కులు చూపించండి. వాళ్ళ అసలు భయం పిల్లల్ని పనిలో పెట్టారేమోనని, ఆ భయం న్యాయమైనదే.

నేను టీచర్ని కాదు, ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే. నావల్ల అవుతుందా?

అయిదో తరగతి దాకా చదవడం, రాయడం, ఎక్కాలు, కొలతలు, బోలెడన్ని కథలు చాలు, ఇవి మీ దగ్గర ఉన్నాయి. తెలుగులో బాగా చదివే పిల్లలకి ఇంగ్లీషు చదవడం అంత కష్టం కాదు, రెండూ రానివాళ్ళకే కష్టం. ఇంగ్లీషు మాట్లాడటానికి ఇంట్లో ఎవరో ఒకరు రోజూ కాసేపు గట్టిగా చదివి వినిపిస్తే సగం పని అయిపోతుంది. ఏడో తరగతి లెక్కలు దాటాక మీకు రానివి వస్తాయి. అప్పుడు పిల్లలతోపాటు మీరూ కూర్చుని నేర్చుకోవచ్చు, లేదా ఆ ఒక్క సబ్జెక్టుకి ట్యూషన్ పెట్టుకోవచ్చు. బడికి పంపేవాళ్ళు ట్యూషన్లు పెట్టట్లేదా? కావలసింది బీఎడ్ కాదు, ఓపిక. ఉదయం తొమ్మిదింటికి పిల్లాడు పెన్సిల్ విసిరేసినప్పుడు మీరు అరవకుండా ఉండగలరా లేదా అన్నది డిగ్రీ కంటే ముఖ్యం.

ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. కుదురుతుందా?

పదేళ్ళలోపు పిల్లలైతే పగలంతా ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉండి తీరాలి. షిఫ్టులు వేరువేరుగా ఉన్న జంటలు నడిపిస్తున్నారు, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు నడిపిస్తున్నారు. కానీ మీటింగులో ఉంటూనే చెవి పిల్లల మీద వేసి ఉంచడం రెండు పనులనీ పాడుచేస్తుంది. తాతయ్య, అమ్మమ్మల మీద మొత్తం వదిలేద్దామనుకుంటే ముందు వాళ్ళని నిజంగా అడగండి, మొహమాటానికి సరే అనే వయసు వాళ్ళది. ఎవరూ లేకపోతే బడికి పంపి, సాయంత్రాలూ సెలవులూ మీకు నచ్చినట్టు మలుచుకోవడమే మేలు.

ఫీజులు మిగులుతాయి కదా, ఖర్చు తక్కువేనా?

బడి ఫీజు, బస్సు, యూనిఫాం మిగులుతాయి. అయితే ఒకరి జీతం ఆగిపోతే అదే పెద్ద ఖర్చు, దాన్ని లెక్కలో వేసుకోకుండా నిర్ణయం తీసుకోకండి. ఆ తర్వాత పుస్తకాలు, రంగులు, సంగీతమో ఈతో క్లాసు, ఇంట్లో రోజంతా తిండి. ఇంట్లో ఉన్న పిల్లలకి గంటకోసారి ఆకలేస్తుంది.

## మొదటి నెలలు

బడి మాన్పించాం. రేపు ఉదయం నుంచి ఏం చెయ్యాలి?

ముందు కాగితాలు. టీసీ, ప్రోగ్రెస్ రిపోర్టులు తీసుకుని, బర్త్ సర్టిఫికెట్, ఆధార్‌తో కలిపి ఒక ఫైల్లో పెట్టండి, ఈ ఫైలు ఎప్పటికైనా అవసరపడుతుంది. చదువు సంగతికొస్తే కొన్ని వారాలు ఏమీ మొదలుపెట్టకండి. నిద్ర సరిపోనివ్వండి, మధ్యాహ్నం అన్నం అందరూ కలిసి తినండి, సాయంత్రం బయటికి పంపండి, రాత్రి ఒక కథ చదివి వినిపించండి. ఇవి కుదిరాక లెక్కలకో అరగంట, చదవడానికో అరగంట కలపండి. మొదటిరోజే బోర్డు కొని, బెల్లు కొట్టి, ఎనిమిది పీరియడ్ల టైమ్‌టేబుల్ గోడకి అతికిస్తే నెల తిరిగేసరికి తల్లీపిల్లలూ అలిసిపోతారు.

పిల్లాడు రోజంతా ఊరికే తిరుగుతున్నాడు, ఏమీ నేర్చుకోవట్లేదని టెన్షన్‌గా ఉంది. ఇది మామూలేనా?

మామూలే. నాలుగైదేళ్ళు బడికి వెళ్ళినవాడు ఎవరో చెబితేనే పని చెయ్యడం అలవాటు చేసుకుని ఉంటాడు. చెప్పేవాళ్ళు లేకపోతే ఏం చెయ్యాలో తోచదు, "బోర్ కొడుతోంది" అంటూ మీ కొంగు పట్టుకు తిరుగుతాడు. వెంటనే ఫోనిచ్చేస్తే ఆ ఖాళీ ఎప్పటికీ నిండదు. కత్తెర, అట్టముక్కలు, పాత గడియారం, స్క్రూడ్రైవర్, మట్టి, నీళ్ళు లాంటివి అందేటట్టు పెట్టి మీ పని మీరు చేసుకోండి. వయసు పెద్దదైన కొద్దీ ఇది తేలడానికి ఎక్కువ కాలం పడుతుంది.

ఏ పుస్తకాలు కొనాలి? ప్యాకేజీలు అమ్ముతున్నారు, తీసుకోమంటారా?

మొదటి ఏడాది ఏ ప్యాకేజీ కొనకండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు డిజిటల్‌గా ఉచితంగానే దొరుకుతాయి, ప్రభుత్వ దీక్షా యాప్‌లో కూడా ఉన్నాయి. లెక్కలకి ఒక పుస్తకం పట్టుకుని వరసగా చేయించండి, మిగతావాటికి కథల పుస్తకాలు, అట్లాసు, నిఘంటువు చాలు. డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి పిల్లల చేతికే కొంత డబ్బిచ్చి తీసుకెళ్ళండి, వాళ్ళు ఎంచుకున్నవే వాళ్ళు చదువుతారు.

## రోజువారీ

మీ ఇంట్లో మామూలు రోజు ఎలా గడుస్తుంది?

మావారు ఎనిమిదిన్నరకి బయలుదేరతారు కాబట్టి అప్పటిదాకా ఇంట్లో చదువు మాటే ఉండదు, టిఫిన్, స్నానాలు, పక్కలు సర్దడం, మొక్కలకి నీళ్ళు. తొమ్మిది నుంచి పదకొండు దాకా లెక్కలు, రాయడం, ఎందుకంటే అప్పుడే బుర్రలు చురుగ్గా ఉంటాయి, చిన్నవాడు కూడా కడుపు నిండి ఉంటాడు. పెద్దమ్మాయి తన గదిలో తనే చేసుకుని ఆగిపోయిన చోట పుస్తకం మడిచి తెస్తుంది. రెండోది నా పక్కనే వంటింటి గట్టు దగ్గర. పదకొండింటికి మజ్జిగో పండో తిని ఎవరిష్టం వాళ్ళది, ఒకరు బొమ్మలేస్తారు, ఒకరు కుట్టు మిషన్ దగ్గర పాత గుడ్డలు పట్టుకుంటారు. అన్నాలయ్యాక గంటన్నర ఇల్లంతా నిశ్శబ్దం, ఇది మా ఇంట్లో తప్పని నియమం: చిన్నవాడు పడుకుంటాడు, పెద్దపిల్లలిద్దరూ చదువుకుంటారు, అత్తయ్య నడుం వాలుస్తారు, నేను ఎవరితోనూ మాట్లాడను. నాలుగు తర్వాత కింద ఆట. ఏడింటికి మావారు వచ్చాక సైన్సు ఆయనది. వారంలో కనీసం ఒకరోజు ఇదంతా తారుమారవుతుంది, గ్యాస్ అయిపోతుంది, ఎవరికో జ్వరం వస్తుంది, ప్లంబర్ వస్తాడు. ఆ రోజు కథ ఒక్కటి చదివితే చాలనుకుంటాం.

వంట, బట్టలు, గిన్నెలు, పైగా చదువు. అన్నీ ఒక్కదాన్నే ఎలా చేసుకోవాలి?

ఒక్కరే చెయ్యకూడదు. ఇది నేను చాలా గట్టిగా చెప్పే మాట. ఇంట్లో చదివించాలన్న నిర్ణయం ఇద్దరూ తీసుకుని పని మాత్రం అమ్మ మీద పడితే ఆ ఇంట్లో చదువు ఏడాది కూడా సాగదు. మొదలుపెట్టే ముందే ఏ సబ్జెక్టు ఎవరిది, రాత్రి గిన్నెలు ఎవరివి, ఆదివారం పొద్దున పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు అని కాగితం మీద రాసుకోండి. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం దాకా పిల్లలూ వంటా మావారివే, నేను ఎక్కడికి వెళ్ళానని కూడా ఎవరూ అడగరు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు బట్టలు మడత పెట్టగలరు, కూరగాయలు తరగగలరు, పన్నెండు దాటితే కుక్కర్ పెట్టగలరు. మగపిల్లలైనా అంతే. పప్పు, చారు, ఒక వేపుడుతో అయిపోయే వంట రోజూ చేసినా ఎవరికీ ఏమీ కాదు, పనిమనిషిని పెట్టుకోగలిగితే పెట్టుకోండి.

ఇంటి పనుల్లో చదువేముంటుంది? పిల్లలతో చాకిరీ చేయించడానికి ఒక వంకలా ఉంది.

పని ఎవరి కోసం, ఎంతసేపు అన్నదాన్నిబట్టి ఉంటుంది. రోజుకి గంటా రెండు గంటలు అందరితోపాటు చేసే పని చాకిరీ కాదు. ఇందులో చదువు ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. దోసెల పిండికి మేం మినప్పప్పు ఒకటికి బియ్యం మూడు వేస్తాం. చుట్టాలొస్తున్నారని మొన్న మినప్పప్పు రెండున్నర గ్లాసులు పోసి, బియ్యం ఎన్ని పోయాలో రెండోదాన్ని చూడమన్నాను. డబ్బా మూత తీసి, గ్లాసు చేతిలో పట్టుకుని, పెదాలు కదుపుకుంటూ కాసేపు నిలబడింది. "రెండుకి ఆరు... అరకి ఒకటిన్నర... ఏడున్నర అమ్మా" అంది. భిన్నాల గుణకారం ఇంకా పుస్తకంలో రాలేదు దానికి. పాల లెక్క కూడా దానిదే, క్యాలెండర్ గడిలో ఎక్కువ ప్యాకెట్ తీసుకున్న రోజు సున్నా చుట్టి, నెలాఖరుకి కూడి, పాలబ్బాయితో తనే సరిచూసుకుంటుంది. లెక్క తేడా వస్తే తన క్యాలెండర్ తెచ్చి చూపిస్తుంది, ఆయన కూడా దాన్నే నమ్ముతాడు. అయితే వంటింట్లో అన్ని లెక్కలూ వచ్చేస్తాయని నేననను. బీజగణితానికి కాగితం, పెన్సిలు, రోజూ సాధన కావాలి.

చిన్నవాడు ఎవర్నీ చదువుకోనివ్వడు. ఏం చెయ్యాలి?

వాడిని ముందు చూసుకోండి, తర్వాత మిగతావాళ్ళని. పొద్దున్నే వాడికి పావుగంట పూర్తిగా ఇస్తే, ఒళ్ళో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకమో బ్లాకులో, ఆ తర్వాత గంటసేపు వాడే ఆడుకుంటాడు. చదువు వేళకి మాత్రమే బయటికొచ్చే బొమ్మల డబ్బా ఒకటి పెట్టుకోండి. గరిటెలు, స్టీలు గిన్నెలు, శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోసుకోవడం ఏ ఖరీదైన బొమ్మ కంటే ఎక్కువసేపు ఆపుతాయి, శనగలు ముక్కులో పెట్టుకునే వయసైతే మాత్రం దగ్గరే ఉండండి.

ఫోను, టీవీ ఎంతసేపు ఇస్తారు?

పొద్దున అసలు లేదు. సాయంత్రం ఆట అయ్యాక, అందరూ ఉండే హాల్లో, కాసేపు. పెద్దమ్మాయి లెక్కల వీడియోలు చూస్తుంది, అది కూడా హాల్లోనే. ఇంట్లో ఉండే పిల్లలకి ఈ విషయంలో బడిపిల్లల కంటే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే రోజంతా అందుబాటులో ఉంటుంది. పెద్దవాళ్ళ ఫోన్లు కూడా తొమ్మిది నుంచి పదకొండు దాకా పక్కన పెట్టాల్సిందే.

పెళ్ళిళ్ళ సీజన్, పండగలు, చుట్టాలు. చదువు ఆగిపోదా?

ఆగుతుంది, ఆగనివ్వండి. ఎండలు ముదిరిన మే నెలలో మేం మామూలుగానే చదువుకుంటాం, సంక్రాంతికి ఊరు వెళ్తే తొందరపడి తిరిగిరాం. బడి క్యాలెండర్ లేకపోవడంలో ఉన్న సుఖం ఇదే. చుట్టాలు ఇంట్లో ఉన్నప్పుడు లెక్కలు ఒక్కటి అరగంట చేయించి మిగతావి వదిలేస్తాను.

## మనుషులు, బయటి ప్రపంచం

నలుగురితో కలవడం ఎలా వస్తుంది?

ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు, అడగవలసిన ప్రశ్నే కూడా. దానంతటదే రాదు, పెద్దవాళ్ళు పూనుకుని ఏర్పాటు చెయ్యాలి. అపార్ట్‌మెంట్ పిల్లలు బడి నుంచి వచ్చి ట్యూషన్‌కి పోతారు, వారం మధ్యలో కింద ఎవరూ ఉండరు, కాబట్టి శని, ఆదివారాలు వాళ్ళ కోసం ఖాళీగా ఉంచుతాం. వారం మధ్యలో ఇలాగే చదివించే ఇంకో రెండు మూడు కుటుంబాలతో కలుస్తాం. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో సంగీతం, నాట్యం, బొమ్మలు నామమాత్రపు ఫీజుకి నేర్పుతారు. జీహెచ్‌ఎంసీ వేసవి శిక్షణ శిబిరాల్లో ఆటలు ఉంటాయి. పన్నెండు దాటిన పిల్లలకి మాత్రం రోజూ కలిసే తోటి స్నేహితులు కావాలి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పెద్దమ్మాయికి బ్యాడ్మింటన్ కోర్టు లేకపోతే మేం ఇంత నిశ్చింతగా ఉండేవాళ్ళం కాదు.

అత్తయ్య, మామయ్య ఒప్పుకోవట్లేదు. పిల్లల జీవితం పాడుచేస్తున్నామంటున్నారు.

వాదించకండి. వాళ్ళు చదువు కోసం పడిన కష్టం గుర్తుంచుకోండి, బడికి మైళ్ళు నడిచినవాళ్ళకి బడి మాన్పించడం చిన్న విషయం కాదు. మా అత్తయ్య మొదట్లో పిల్లలతో మాట్లాడేవారు, నాతో మాట్లాడేవారు కాదు. తెలుగు పద్యాలు మీరే నేర్పాలత్తయ్యా అని అడిగాను, నాకు నిజంగానే అంతగా రావు కాబట్టి. ఇప్పుడు మధ్యాహ్నం నిద్ర లేచాక ఆవిడ మంచం మీదే పద్యాల క్లాసు, గుణింతాలు కూడా అక్కడే. వాళ్ళకి పిల్లల చదువులో ఒక చోటు, వాళ్ళదంటూ ఒక సబ్జెక్టు ఇవ్వండి. పరీక్షలు ఎలా రాస్తారో, ఏ వయసులో రాస్తారో కూడా కాగితం మీద పెట్టి చూపించండి, సగం భయం సర్టిఫికెట్ గురించే.

బయటికి ఎక్కడికి తీసుకెళ్తారు?

వారం మధ్యలో వెళ్ళడమే అసలు లాభం, రద్దీ ఉండదు. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందంటారు కదా, జనం లేనప్పుడు పిల్లలు ఒకరు కింద, ఒకరు పైన నిలబడి తీరిగ్గా పరీక్షించుకోవచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూ పార్కుకి సోమవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. చలికాలంలో అమీన్‌పూర్ చెరువుకి పక్షుల కోసం వెళ్తాం, ఆ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఇవన్నీ అక్కర్లేదనుకుంటే పోస్టాఫీసు, బ్యాంకు, రైతుబజారు చాలు, పిల్లల చేతికి సంచీ, డబ్బులు ఇచ్చి మీరు వెనక నడవండి.

## పరీక్షలు, సర్టిఫికెట్లు

పిల్లలు చదువులో ఎక్కడున్నారో ఎలా తెలుస్తుంది? వెనకబడితే?

వాళ్ళ వయసు తరగతి పాఠ్యపుస్తకం తెరిచి, ఆఖరి పాఠాల్లోంచి ఒక పేజీ చదివించండి, నాలుగు లెక్కలు ఇవ్వండి. గంటలో తెలిసిపోతుంది. ప్రతి నెలా రాసిన కాగితాల్లోంచి రెండు మూడు తేదీ వేసి దాచండి, ఆర్నెల్ల తేడా కళ్ళకి కనిపిస్తుంది. చదవడం ఎనిమిది, తొమ్మిదేళ్ళకి కూడా రాకపోయినా, అక్షరాలు తారుమారవుతున్నా ఆగకుండా డాక్టరుకి చూపించండి, కళ్ళూ చెవులూ ముందు పరీక్ష చేయించండి. "వాడే నేర్చుకుంటాడు" అని ఇక్కడ కూర్చోకూడదు.

టెన్త్ ఎలా రాస్తారు?

ఎక్కువమంది ఎంచుకునేది ఎన్‌ఐఓఎస్, కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు, 1989 నుంచి ఉంది. 14 ఏళ్ళు నిండితే టెన్త్‌కి చేరొచ్చు. అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి, అందులో కనీసం ఒక భాష ఉండాలి, తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు. పాస్ మార్కులు 33 శాతం. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్‌లలో జరుగుతాయి. చేరాక అయిదేళ్ళలోపు పూర్తి చెయ్యొచ్చు, పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, కాబట్టి రెండు ఇప్పుడు, మూడు తర్వాత అని పంచుకోవచ్చు. కింది తరగతులకి కూడా మూడు, అయిదు, ఎనిమిదికి సమానమైన స్థాయిలున్నాయి. రాష్ట్రాల వారీగా తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా టెన్త్, ఇంటర్ పరీక్షలు పెడతాయి. టెన్త్ స్థాయి అంతర్జాతీయ పరీక్ష ఐజీసీఎస్‌ఈ కూడా ప్రైవేట్‌గా రాయొచ్చు గానీ ఫీజు చాలా ఎక్కువ. ఎన్‌ఐఓఎస్‌లో అసైన్‌మెంట్లు టైముకి పెట్టడం మర్చిపోవద్దు, తేలిగ్గా వచ్చే మార్కులు అక్కడే పోతాయి. మూడు గంటలు కూర్చుని చేత్తో రాసే అలవాటు ఇంట్లో చదివే పిల్లలకి తక్కువ, ఏడాది ముందు నుంచే గడియారం పెట్టి రాయించండి.

ఓపెన్ స్కూల్లో ఇంటర్ చేస్తే జేఈఈ, నీట్ రాయనిస్తారా?

ఎన్‌ఐఓఎస్‌లో అయిదు సబ్జెక్టులతో పన్నెండో తరగతి పాసైతే జేఈఈ మెయిన్‌కి అర్హత ఉంది. నీట్ విషయంలో చాలాకాలం గొడవ నడిచింది, 2018లో ఢిల్లీ హైకోర్టు ఓపెన్ స్కూల్ విద్యార్థులకి అనుకూలంగా తీర్పిచ్చింది, 2024లో సుప్రీంకోర్టు దగ్గర కూడా వాళ్ళకి అనుకూలంగానే తేలింది. రాష్ట్ర ప్రవేశ పరీక్షలకి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతలు చదువుకోండి. సైన్సు సబ్జెక్టులకి ప్రాక్టికల్స్ ఉంటాయి, ల్యాబ్ ఎక్కడో ముందే చూసుకోవాలి.

మధ్యలో ఆపేసి మళ్ళీ బడికి పంపొచ్చా?

పంపొచ్చు. వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని విద్యా హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది, వయసు రుజువు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని కూడా చట్టంలోనే ఉంది. ప్రభుత్వ బడిలో ఇది సులువు. ప్రైవేటు బళ్ళు పరీక్ష పెడతాయి, టీసీ అడుగుతాయి, కొన్ని ఒక తరగతి కిందకి దించుతామంటాయి, అందుకే పాత టీసీ, రిపోర్టులు, పిల్లలు రాసిన కాగితాలు అన్నీ పట్టుకెళ్ళండి. ఎనిమిదో తరగతి లోపు అయితే పెద్ద చిక్కు ఉండదు. తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్లు మొదలవుతాయి కాబట్టి బడికి పంపాలా, ఓపెన్ స్కూల్లో రాయించాలా అన్నది పిల్లలకి పన్నెండు, పదమూడు వచ్చేలోపే తేల్చుకోవడం మంచిది, అదీ పిల్లల్ని అడిగి. మా పెద్దమ్మాయి ఈ జూన్‌కి ముందే పక్క కాలనీలో ఒక బడికి వెళ్ళి ఒకరోజంతా కూర్చుని చూసి వచ్చింది, ఇంట్లోనే ఉండి ఓపెన్ స్కూల్లో రాస్తానని తనే చెప్పింది. వచ్చే ఏడాది మళ్ళీ అడుగుతాం.